డియర్ తర్వాత ఏం రాయాలి?

విభక్తులు మనందరం కంఠతా పట్టినవాళ్ళమే. డు, ము, వు, లు దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఓ, ఓయి, ఓరి, ఓసి సంబోధన ప్రథమా విభక్తి అని ముగిస్తాం. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వస్తే రాసేసి మరిచిపోతాం. కానీ ఆ నాలుగు మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 'ఓయి' అని పిలవాల్సిన మనిషిని 'ఓరి' అంటే గొడవే. 'ఓసి' ఆడవాళ్ళకే, అదీ మనకంటే చిన్నవాళ్ళకో, బాగా చనువున్నవాళ్ళకో. అసలు విషయం ఇంకా మొదలే కాలేదు, పిలుపులోనే ఎదుటి మనిషి ఆడా మగా, పెద్దా చిన్నా, దగ్గరా దూరమా అన్నీ చెప్పేశాం.

ఈ సంగతి నాకు మా కార్ఖానా ఉత్తరాలు రాస్తున్నప్పుడు బాగా తెలిసొచ్చింది. అందుకే ఈసారి గోడపత్రికకు కథ, కవిత కాకుండా, విదేశాల గిరాకీలకు రాసే ఉత్తరంలో మొదటి లైను గురించి రాస్తున్నాను. ఒక్క లైనుకు ఇంత పెద్ద వ్యాసమా అని నవ్వకండి. రేపు మనలో చాలామంది ఏదో ఒక ఆఫీసులో కూర్చుని ఆ లైను రాయాల్సినవాళ్ళమే.

మాది అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో ఎనిమిది సాంచాల చిన్న కార్ఖానా. నేసేది టెర్రీ టవళ్ళు. సోలాపూర్ చాదర్‌కూ, సోలాపూర్ టెర్రీ టవల్‌కూ జీఐ గుర్తింపు ఉందని మీకు తెలుసు. మన పద్మశాలీ ఇండ్లలో ఎవరో ఒకరు ఈ పని చేసినవాళ్ళే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. మా నాయిన ముంబయి వ్యాపారుల ద్వారా కాకుండా నేరుగా విదేశాలకు పంపాలని పట్టుబట్టి నలుగురు గిరాకీలను సంపాదించాడు. దుబాయ్‌లో ఒకరు, ఇంగ్లండ్‌లో ఒకరు, జర్మనీలో ఒకరు, ఇటలీలో ఒకరు. చిన్న చిన్న ఆర్డర్లే, కానీ ఏడాది పొడుగునా ఉంటాయి. నేను పన్నెండో తరగతిలో ఉండగా నాయిన పోయాడు. అప్పటినుంచి కార్ఖానా అమ్మ పేరు మీద ఉంది. నూలు కొనేది అమ్మ, కూలి లెక్క చూసేది అమ్మ, సరుకు న్హావా శేవా ఓడరేవుకు పంపేది అమ్మ. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేది నేను. ఉత్తరాలంటే ఇప్పుడు ఈమెయిళ్ళే అనుకోండి, కానీ మా ఇంట్లో ఇంకా ఉత్తరమనే అంటాం.

మొదటి రోజే అమ్మ ఒక ప్రశ్న వేసింది. నేను రాసింది చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "డియర్ అంటే ప్రియమైన అనే గదా బిడ్డా, పరాయి మొగోనికి గట్లెందుకు రాస్తున్నవ్?" అంది. నవ్వొచ్చింది గానీ, ప్రశ్న న్యాయమైనదే. మన తెలుగు ఉత్తరంలో పిలుపు వేరే తీరుగా ఉంటుంది. 'ఫలానా గారికి నమస్కరించి వ్రాయునది' అని మొదలుపెడతాం. పేరు పక్కన 'గారు' వచ్చింది, 'కి' వచ్చింది, నమస్కారం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ డియర్‌లో ఇప్పుడు ప్రేమ లేదు, అది మన 'గారు' చేసే పనే చేస్తుంది. ఈ మాట చెప్పాక అమ్మకు సమాధానం దొరికింది. "అయితే అది తీసేస్తే మర్యాద తక్కువ చేసినట్టేనా?" అంది. అవును, సరిగ్గా అంతే.

నాయిన ఫైలులో పాత ఉత్తరాలన్నీ 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలవుతాయి. మన దేశంలో బళ్ళోనూ, బ్యాంకులోనూ సెలవుచీటీ నుంచి లోను దరఖాస్తు దాకా అదే నడుస్తుంది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఈ పిలుపు వాడుకలో లేదు. దాన్ని చూసి వాళ్ళు కోపగించుకోరు, కాకపోతే ఈ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో పేరు చదవకముందే తెలిసిపోతుంది. అక్కడి పద్ధతి రెండు జతలుగా గుర్తుపెట్టుకోవచ్చు. పేరు తెలియనప్పుడు 'డియర్ సర్ ఆర్ మేడమ్' అని మొదలుపెడితే చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగించాలి. పేరు తెలిసి 'డియర్ మిస్టర్' ఫలానా అని రాస్తే చివర 'యువర్స్ సిన్సియర్లీ'. ఇది బ్రిటన్ లెక్క. అమెరికాలో 'ఫెయిత్‌ఫుల్లీ' దాదాపు కనిపించదు, 'సిన్సియర్లీ' చాలు. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. అమెరికావాళ్ళు వ్యాపార ఉత్తరంలో పిలుపు తర్వాత రెండు చుక్కలు, అంటే కోలన్ పెడతారు. బ్రిటన్‌లో కామా పెడతారు. మిస్టర్ అనే పొట్టి మాట చివర అమెరికాలో చుక్క ఉంటుంది, బ్రిటన్‌లో ఉండదు.

కంపెనీకి రాసేటప్పుడు 'డియర్ సర్స్' అనే పాత అలవాటు ఒకటుంది. అంటే కంపెనీలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే అని ముందే అనేసుకున్నట్టు. బ్రిటన్‌లో పెద్ద న్యాయవాద సంస్థలు కూడా కొన్నేళ్ళుగా దీన్ని వదిలేస్తున్నాయి. మాకు మాత్రం కొత్తగా ధరలు అడిగేవాళ్ళ దగ్గరినుంచి ఇప్పటికీ 'డియర్ సర్స్' అనే వస్తుంది. నేను చదివి వినిపించిన ప్రతిసారీ అమ్మ కార్ఖానాలో అటూ ఇటూ చూసి, "ఏడున్నరమ్మా ఆ సర్‌లు?" అంటుంది. సాంచాల మీద నలుగురు మగవాళ్ళున్నారు నిజమే, కానీ టవళ్ళ అంచులు కుట్టేది, దారాలు కత్తిరించేది, మడతపెట్టి కట్టలు కట్టేది ఆడవాళ్ళే. యజమాని ఆడమనిషే.

ఇక పేర్ల సంగతి. పేరు తెలిస్తే చాలదు, అందులో ఏ ముక్కతో పిలవాలో తెలియాలి. చైనా, జపాన్, కొరియాలలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఐరోపాలోనే ఉన్న హంగరీలో కూడా అంతే. మన ఆంధ్ర, తెలంగాణవాళ్ళకు ఇది వింతేమీ కాదు. కరీంనగర్ దిక్కున ఉన్న మా బంధువులు ఇప్పటికీ ఇంటిపేరు ముందే రాస్తారు. స్పెయిన్‌లో ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లుంటాయి, మామూలుగా మొదటిది నాన్నది, రెండోది అమ్మది. ఉత్తరంలో పిలిచేటప్పుడు సాధారణంగా మొదటిది వాడతారు. చివరి మాటే ఇంటిపేరు అనుకుని దానితో పిలిస్తే వాళ్ళమ్మ వైపు పేరుతో పిలిచినట్టవుతుంది. ఐస్‌లాండ్‌లో చాలామందికి మనకు తెలిసిన అర్థంలో ఇంటిపేరే ఉండదు. రెండో మాట 'ఫలానావారి కొడుకు', 'ఫలానావారి కూతురు' అని చెబుతుంది, అందుకే అక్కడ పెద్ద పదవిలో ఉన్నవాళ్ళనైనా సొంత పేరుతోనే పిలుస్తారు. దుబాయ్ దిక్కున అరబ్బులు మిస్టర్ పక్కన, డాక్టర్ పక్కన సొంత పేరే పెట్టి పిలుస్తారు. అక్కడ అది చనువు కాదు, మర్యాదే.

మన పేర్లు వాళ్ళకు ఎలా కనిపిస్తాయో కూడా ఆలోచించండి. తెలంగాణలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో చాలామంది ఒకటి రెండు పొడి అక్షరాలు, ఆ తర్వాత పేరు. మనం మహారాష్ట్ర పద్ధతికి అలవాటుపడ్డాం కాబట్టి సొంత పేరు, నాన్న పేరు, చివర ఇంటిపేరు. పెండ్లయితే మధ్యలో నాన్న పేరు పోయి భర్త పేరు వస్తుంది. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు, ఒకరు సిరిసిల్లలో, ఒకరు సోలాపూర్‌లో, ఒకరు చెన్నైలో ఉంటే మూడు తీర్లుగా సంతకం చేస్తారు. జర్మనీలో కూర్చున్న మనిషి చివరి మాట తీసుకుని మిస్టర్ తగిలిస్తే ఒకరికి ఇంటిపేరు, ఇద్దరికి సొంత పేరు తగులుతుంది.

మా ఇంట్లో ఈ మధ్య పేరు వల్లే ఒక చిక్కు వచ్చింది. దుబాయ్ గిరాకీ నాయిన ఉన్నప్పుడు ఆయన్ను మిస్టర్ అని సొంత పేరుతో పిలిచేవాడు. నాయిన పోయాక అమ్మ సంతకంతో ఉత్తరాలు వెళ్ళడం మొదలైంది. అమ్మ పూర్తి పేరులో మధ్య మాట నాయిన పేరే కదా. వాళ్ళ ఆఫీసులో ఎవరో తెలిసిన పేరు కంటపడగానే ఇదివరకటిలాగే మిస్టర్ అని నాయిన పేరుకే జవాబులు రాస్తూ వచ్చారు. నాయిన పోయిన సంగతి మామ ఫోన్ చేసి చెప్పాడట, కానీ ఉత్తరాలు రాసే గుమాస్తా దాకా ఆ మాట చేరలేదేమో. అట్లా దాదాపు ఏడాది నడిచింది.

దాన్ని సరిచేస్తూ ఒక ఉత్తరం రాస్తానని నేనంటే అమ్మ వద్దంది. "ఉండనీ బిడ్డా. ఆయన పేరు మీద ఉత్తరం వస్తే ఇంట్ల ఆయన ఉన్నట్టే ఉంటది" అంది. నేనేమీ మాట్లాడలేదు. వ్యాపార ఉత్తరంలో పిలుపు ఎంత గట్టిదో ఆరోజు నాకు తెలిసింది. ఆ గుమాస్తాకు అది పాత అలవాటు. అమ్మకు అది రోజూ ఒకసారి వినబడే పేరు.

కానీ ఎల్‌సీ వచ్చినప్పుడు ఊరుకోలేకపోయాం. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే గిరాకీ తరఫున వాళ్ళ బ్యాంకు ఇచ్చే హామీ. అందులో రాసిన మాటలకూ మనం పెట్టే కాగితాలకూ తేడా ఉండకూడదు. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, ప్యాకింగ్ లిస్టు అన్నీ దానితో సరిపోవాలి. తేడా ఉంటే బ్యాంకు డబ్బు ఆపి కాగితాలు వెనక్కి పంపొచ్చు. ఆ ఎల్‌సీలో డబ్బు అందుకోవాల్సిన చోట నాయిన పేరుంది. నాయిన పేరు మీద ఇప్పుడు కార్ఖానా లేదు, బ్యాంకు ఖాతా లేదు. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత, "రాయి. ఇప్పుడు నేనే ఉన్నా అని రాయి" అంది. ఎల్‌సీ సవరించి పంపారు. ఆ తర్వాతి ఉత్తరం అమ్మ పేరుతోనే వచ్చింది. దాంట్లో మొదట సంతాపం, ఆ తర్వాతే టవళ్ళ సంగతి.

ఇప్పుడు ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాటల దగ్గరికి వద్దాం. మన కాలేజీ కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మగవాడికి ఇంగ్లీషులో మిస్టర్ ఒక్కటే. పెండ్లయినా కాకపోయినా, భార్య పోయినా మిస్టరే. ఆడదానికి మాత్రం పెండ్లి కాకముందు మిస్, అయ్యాక మిసెస్. ఈ తేడా లేని 'మిజ్' అనే మాటను 1901లోనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఒక పత్రిక ప్రతిపాదించింది. ఎదుటి మనిషికి పెండ్లయిందో లేదో తెలియనప్పుడు ఇబ్బంది పడకుండా రాయడానికి ఒక మాట కావాలన్నది దాని వాదం. కానీ అది జనంలోకి రావడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది. 1972లో గ్లోరియా స్టైనెమ్, ఇంకొందరు కలిసి అదే పేరుతో పత్రిక నడపడం మొదలుపెట్టారు. న్యూయార్క్ టైమ్స్ తన వార్తల్లో ఆ మాటను ఒప్పుకున్నది 1986లో. పశ్చిమ జర్మనీలో పెండ్లికాని ఆడవాళ్ళను పిలిచే 'ఫ్రాయ్‌లైన్' అనే మాటను 1972లో ప్రభుత్వ కాగితాల్లోంచి తీసేశారు. ఫ్రాన్స్‌లో 'మద్‌మువాజెల్' అనే మాటను ప్రభుత్వ ఫారాల్లోంచి తీసేయమని 2012లో ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు జర్మనీలో అందరూ 'ఫ్రౌ', ఫ్రాన్స్‌లో అందరూ 'మదామ్'.

వాళ్ళ సంగతి చదివి మనం గొప్పగా ఊపిరి పీల్చుకోనవసరం లేదు. మన ఇండ్లకు వచ్చే లగ్నపత్రికల కవర్లు చూడండి. మగవాళ్ళ పేరు ముందు శ్రీ. ఆడవాళ్ళకు పెండ్లి కాకపోతే కు., అయితే సౌ., భర్త పోతే గం. భా. ఇది మరాఠీ నుంచి మనకు అంటుకుందని కొందరంటారు గానీ, మన తెలుగులోనూ పాత ఉత్తరాల్లో ముత్తైదువకు 'లక్ష్మీసమానురాలైన', భర్త పోయినవాళ్ళకు 'గంగాభాగీరథీసమానురాలైన' అనే రాసేవాళ్ళు. గంగతోనూ భాగీరథితోనూ పోల్చడం గౌరవమే అని పెద్దలు చెబుతారు. కావచ్చు. కానీ ఆ గౌరవం కవరు మీద కనబడగానే మా అమ్మ ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. కవరు తిప్పి లోపలి పత్రిక తీసుకుంటుంది, కవరును వెంటనే చెత్తబుట్టలో వేస్తుంది. పెండ్లికి పోతుంది, కట్నం చదివిస్తుంది, ఆ రెండు అక్షరాల గురించి ఒక్క మాటా అనదు.

ఈ నేపథ్యంలోనే జర్మనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ళ కొనుగోళ్ళ విభాగంలో కొత్తగా చేరినావిడ, ఆర్డరు సంగతులన్నీ రాసి, చివర్లో ఒక లైను కలిపింది. ఇకనుంచి మిమ్మల్ని ఎలా పిలవమంటారు, మిసెస్ అనా, మిజ్ అనా, మీ పేరులో ఏ మాటతో, దయచేసి చెప్పండి అని. నేను అది అమ్మకు తెలుగులో చెప్పాను. మిజ్ అంటే ఏమిటో, ఎందుకు వచ్చిందో కూడా వివరించాను. నా మనసులో జవాబు ఎప్పుడో తయారైపోయింది. ఇంత చదివినదాన్ని, మిజ్ అనే రాయాలని నా లెక్క. అమ్మ మాత్రం, "పొద్దుగాల చెప్తా" అంది.

పొద్దున కార్ఖానాకు పోయేముందు, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అడిగింది. "మరి భర్త పోయినోళ్ళకు ఇంగ్లీషుల ఏమంటరు?" వాళ్ళకు వేరే మాట లేదమ్మా, మిసెస్ అనే ఉంటుంది అన్నాను. అమ్మ ఒక్క నిమిషం ఆగింది. "అంటే, ఉన్నోళ్ళకూ పోయినోళ్ళకూ ఒకటే మాటనా?" అంది. అవునన్నాను. "అయితే నన్ను మిసెస్ అనే పిలవమను. చివర ఇంటిపేరు పెట్టమను. ఆయన ఇంటిపేరే గదా" అంది.

నేను అదే రాశాను. మిజ్ అనే మాట కోసం అన్నేళ్ళు కొట్లాడినవాళ్ళ మీద నాకున్న గౌరవం తగ్గలేదు, నా సంతకం పక్కన నేను మిజ్ అనే పెట్టుకుంటాను. కానీ మా అమ్మకు కావాల్సింది వేరు. పెండ్లి సంగతి దాచే మాట ఆమె అడగలేదు. చావు సంగతి చాటని మాట అడిగింది. అది ఆమెకు మిసెస్‌లో దొరికింది. ఆ జర్మనీ ఆవిడ అడగకుండా తనకు తోచిన మంచి మాట తనే రాసేసి ఉంటే అమ్మకు ఈ వీలు వచ్చేది కాదు. పిలుపుల గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా చివరికి నాకు మిగిలింది ఇదే. తెలియకపోతే అడగాలి. తెలుసు అనుకున్నప్పుడు కూడా ఒకసారి అడిగితే నష్టం లేదు.

అడిగే వీలు ఎప్పుడూ ఉండదు కదా అంటారు. నిజమే. అప్పుడు వాళ్ళ సంతకం చూడాలి. మనిషి తన పేరును ఎలా రాసుకున్నాడో అదే మనకు ఆధారం. ఆడా మగా తెలియకపోతే ఊహించకూడదు. ఆంద్రెయా అనే పేరు ఇటలీలో మగవాళ్ళది, జర్మనీలో ఆడవాళ్ళది. సిమోనె ఇటలీలో మగవాడు, అదే అక్షరాలతో ఫ్రాన్స్‌లో సిమోన్ ఆడమనిషి. ఫ్రాన్స్‌లో మగవాడికి ఉండే జ్యాఁ అనే పేరును ఇంగ్లండ్‌లో జీన్ అని చదివి ఆడపిల్లలకు పెడతారు. మా ఇటలీ గిరాకీ పేరు ఇలాంటిదే. అందుకే మొదటి ఉత్తరంలో మిస్టర్, మిజ్ రెండూ లేకుండా డియర్ పక్కన పూర్తి పేరు రాశాను. అది తప్పు కాదు, ఇప్పుడు చాలాచోట్ల అలా రాస్తున్నారు. జవాబు చివర సంతకంలో మిస్టర్ అని ఉంది, రెండో ఉత్తరం నుంచి సుఖమే.

వాళ్ళ భాషలోనే పిలిస్తే ఇంకా సంతోషిస్తారు కదా అని మా మామ సలహా. సంతోషిస్తారు, సరిగ్గా రాస్తే. జర్మన్‌లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ 'గౌరవనీయ' అనే మాట చివర మారుతుంది. పిలుపు తర్వాత కామా పెట్టి, తర్వాతి లైను చిన్న అక్షరంతో మొదలుపెట్టాలి. డాక్టరేట్ ఉన్నవాళ్ళకు ఫ్రౌ తర్వాత డాక్టర్ కూడా చేర్చాలి. ఫ్రాన్స్‌లో బాగా పరిచయం లేనివాళ్ళకు మదామ్, ముస్యో అని మాత్రం రాస్తారు, పక్కన ఇంటిపేరు పెట్టరు. ముగింపులో ఒక పొడుగాటి మర్యాద వాక్యం ఉంటుంది, మొదట ఎలా పిలిచామో ఆ పిలుపు అందులో మళ్ళీ రావాలి. జపాన్‌లో పేరు తర్వాత 'సామా' రాస్తారు, మాటల్లో అయితే 'సాన్'. మనిషికి కాకుండా కంపెనీకి రాస్తే 'ఒన్‌చూ' అని వేరే మాట ఉంది. వాళ్ళ సంప్రదాయ ఉత్తరం పిలుపు తర్వాత రుతువు గురించి ఒక వాక్యంతో సాగుతుంది. తన పేరుకు తను సాన్ అని ఎవరూ పెట్టుకోరు, మనం మన పేరు పక్కన గారు పెట్టుకోనట్టే. ఇవన్నీ తెలిసి రాస్తే అందం. సగం తెలిసి రాసేదానికన్నా మంచి ఇంగ్లీషులో 'డియర్ మిస్టర్' అని, 'డియర్ మిజ్' అని ఇంటిపేరుతో రాయడం మేలు.

పరిచయం పెరిగాక ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. ఇంగ్లండ్ గిరాకీ మూడో ఉత్తరానికే సంతకం చోట ఇంటిపేరు తీసేసి సొంత పేరొక్కటే రాశాడు. అంటే నన్ను ఇలా పిలవొచ్చు అని చెప్పడం. అలా చెప్పాక కూడా మనం మిస్టర్ అంటూ ఉంటే దూరం పెట్టినట్టుంటుంది. అమ్మకు ఇది మింగుడుపడలేదు. "పేరు పెట్టి పిలుస్తవా? నాయిన వయసుంటది ఆయనకు" అంది. చివరికి ఒప్పుకుంది గానీ, చదివి వినిపించేటప్పుడు ఆ పేరు పక్కన గారు చేర్చి చదవమంది. ఇప్పటికీ అలాగే చదువుతాను. ఇంగ్లీషులో లేని గారు మా ఇంట్లో ఉంది. ఆయన చనువిస్తే మనం తీసుకోవచ్చు, ముందుగా మనమే తీసుకోకూడదు అన్నది మాత్రం ఏ దేశానికైనా పనికొచ్చే పద్ధతి.

మంచి పిలుపు వల్ల ఆర్డర్లు వస్తాయా అని మీరు అడగొచ్చు. రావు. ఆర్డరు వచ్చేది ధర చూసి, టవలు బరువు చూసి, ఉతికితే రంగు పోతుందా లేదా చూసి, చెప్పిన తేదీకి సరుకు చేరిందా చూసి. పిలుపు పనికొచ్చేది పని చెడినప్పుడు. ఒకసారి ఒక గిరాకీ డబ్బు పంపకుండా మూడు నెలలు తిప్పాడు. మామకు కోపం వచ్చి, డియర్ లేదు ఏమీ లేదు, పేరు రాసి కింద లెక్క పెట్టు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "బాకీ అడిగేటప్పుడే ఇంకా మర్యాదగ పిలవాలె. పిలుపు చెడితే ఆయనకు అదే సాకు దొరుకుతది" అంది. ఎప్పటి పిలుపే రాసి, కింద ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, రావాల్సిన మొత్తం, ఏ రోజుకల్లా రావాలో స్పష్టంగా రాశాం. డబ్బు రెండు విడతలుగా వచ్చింది. పిలుపు వల్లే వచ్చిందని నేననను. అయితే ఆయన ఇప్పటికీ మా గిరాకీయే.

పోయిన నెల మా మామ కూతురి పెండ్లి పత్రికలు అచ్చువేశారు. కవర్ల మీద పేర్లు రాయడానికి పిల్లలందరం కూర్చున్నాం. మామ చేతిలో పాత జాబితా ఉంది. దాంట్లో ఏడుగురు ఆడవాళ్ళ పేర్ల ముందు గం. భా. అని ఉంది, మొదటి పేరు మా అమ్మది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ జాబితా తీసుకుంది. "అందరికీ శ్రీమతి అని రాయుండ్రి. మొగోళ్ళకు శ్రీ, ఆడోళ్ళకు శ్రీమతి, గంతే" అంది. మామ ఏదో అనబోయాడు. అమ్మ ఆయనకు అక్క, ఆ మాట మీద మాట లేదు. అత్త ఊరికే ఉండక, "ఇంకా పెండ్లికాని పిల్లలకో?" అంది. "కుమారి అని రాయి, లేకుంటే పేరే రాయి. వాళ్ళనే అడుగు" అంది అమ్మ.

వచ్చే నెలలో మన శాఖ వార్షికోత్సవం ఉంది. ఆహ్వానాల కవర్లు రాసే పని ఈసారి మా టి.వై. వాళ్ళకు అప్పజెప్పారు. పాత విద్యార్థినుల జాబితాలో పేర్ల ముందు కు., సౌ. అని ఎప్పుడో రాసినవి అలాగే ఉన్నాయి. ఆ కు.లలో చాలామందికి పిల్లలుండి ఉంటారు, ఆ సౌ.లలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. జాబితాలో ఫోన్ నంబర్లున్నాయి. తలా పది నంబర్లు పంచుకుందాం. ఫోన్ చేసి, పత్రిక మీద మీ పేరు ఎలా రాయమంటారు అని అడిగి, వాళ్ళు చెప్పినట్టే రాద్దాం. మేడమ్‌లు ఒప్పుకుంటే సోమవారం మధ్యాహ్నం శాఖలో కూర్చుని మొదలుపెడదాం.

— టి.వై.బి.ఏ. విద్యార్థిని